కొత్త లైసెన్సు - పాత బోనసు

ఇప్పటిదాకా నేను తొమ్మిది నవలలు రాశాను. అందులో ఆరింటిలో కథానాయిక కారు నడుపుతుంది. కోపం వస్తే తాళంచెవి అందుకుని విసవిసా వెళ్ళిపోతుంది. వర్షంలో టాంక్‌బండ్ మీద కారాపి కళ్ళు తుడుచుకుంటుంది. రాసిన నాకు మాత్రం క్లచ్చు ఏ కాలి కింద ఉంటుందో నిరుటిదాకా తెలియదు. పాఠకురాళ్ళు పట్టుకోలేదు గాని, నా మనస్సాక్షి పట్టుకుంది. నలభై నాలుగో ఏట డ్రైవింగు స్కూల్లో చేరి, తెల్లవారుజామున మారేడుపల్లి సందుల్లో పాలబ్బాయిల్ని హడలగొట్టి, మొత్తానికి లైసెన్సు తెచ్చుకున్నాను.

లైసెన్సయితే వచ్చింది గాని, కారు తాళంచెవి మాత్రం రాలేదు. అది మా వారి జేబులోనే ఉండిపోయింది.

"నీ డ్రైవింగు మీద నాకేం అనుమానం లేదోయ్. కానీ ఇన్సూరెన్సని ఒకటుందిగా? కొత్త డ్రైవరు నడుపుతోందంటే వాళ్ళు ప్రీమియం రెట్టింపు చేస్తారు" అన్నారాయన, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి.

ఈ జ్ఞానం ఆయనకి న్యూజెర్సీ నుంచి దిగుమతి అయింది. అక్కడ మా బావగారబ్బాయికి పదిహేడు నిండి లైసెన్సు రాగానే, ఇంట్లో కార్ల ఇన్సూరెన్సు బిల్లు చూసి బావగారు కుర్చీలో కూలబడ్డారట. ఆ కూలబడడం ఫోనులో సికింద్రాబాదు దాకా వినిపించింది. ఇంకేం, మా ఇంట్లో అదే శాసనమయింది.

నేను బి.ఎ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. ఎవరైనా "ఇది రూలు" అంటే, ఆ రూలు ఎప్పుడు పుట్టింది, ఎవరింట్లో పుట్టింది అని అడగడం నాకలవాటు. బీరువాలోంచి పాలసీ కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాను. అందులో కారు జాతకం అంతా ఉంది. ఎప్పుడు పుట్టింది, ఇంజను ఎన్ని సీసీలు, ఛాసిస్ నంబరెంత, ఇవాళ దాని విలువెంత. యజమానిగా మా వారి పేరుంది. నడిపే మనిషి గురించి మాత్రం ఒక్క ముక్కే ఉంది: చెల్లుబాటయ్యే లైసెన్సున్న వారెవరైనా నడపవచ్చు. ఆ మనిషి ఆడా మగా, వయసెంత, లైసెన్సు వచ్చి పదేళ్ళయిందా పదిరోజులయిందా అన్న గడి ఎక్కడా లేదు. కారు ఖర్చులో నా కొత్తదనానికి పైసా కట్టలేదన్నమాట!

ఎందుకు కట్టలేదా అని వెనక్కి నడిచాను. ఆ నడక ఆసక్తిగా ఉంది గనక మీకూ చెబుతాను.

అమెరికాలో బఫలో అనే ఊళ్ళో ట్రూమన్ మార్టిన్ అనే డాక్టరుగారు 1898లో ట్రావెలర్స్ అనే కంపెనీ దగ్గర తన కారుకు పాలసీ తీసుకున్నారు. మోటారు బీమాకు తొలి రోజులవి. అప్పటికి రోడ్డు మీద కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, గుర్రాలు కోకొల్లలు. కారును కారు గుద్దుతుందన్న భయం కంటే, కారును చూసి గుర్రం బెదురుతుందన్న భయమే ఎక్కువయి ఉండాలి.

మన దగ్గర అప్పుడు కారంటే రాజుగారి ముచ్చట. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండుకు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశారు. పసుపుపచ్చని ఆ కారు, లోపల సింహాసనం లాంటి సీటుతో సహా, చౌమహల్లా పాలెస్‌లో ఇప్పటికీ చూడవచ్చు. దాన్ని చూసినప్పుడల్లా నాకొకటే తోస్తుంది. ఆ సీటు మీద కూచునేవారికి స్టీరింగుతో పనిలేదు. కారు ఒకరిది, నడిపే చేతులు ఇంకొకరివి. తరవాత జమీందార్లకూ, డాక్టర్లకూ, వకీళ్ళకూ కార్లు వచ్చినా ఈ పద్ధతి మారలేదు. యజమాని వెనక సీట్లో, జీతం డ్రైవరు ముందు సీట్లో. మామూలు జనానికి బస్సే గతి. నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలయింది, ఈనాటి ఆర్టీసీకి అదే మూలపుటమ్మ.

ఇక బీమాను బలవంతంగా చేయించడం ఇంగ్లండులో మొదలయిన తీరు చిత్రంగా ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత అక్కడ కార్లు చీమల్లా పెరిగాయి. కారు కింద పడిన కూలివాడు కోర్టులో గెలిచినా, కారుగలాయన జేబులో డబ్బు లేకపోతే ఆ తీర్పు నాలిక గీసుకోవడానికి కూడా పనికిరాదు. అందుకని 1930లో రోడ్డు ట్రాఫిక్ చట్టం చేసి, ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా ఉంటే తప్ప కారు రోడ్డెక్కకూడదన్నారు. అదే చట్టంలో మామూలు కార్లకు వేగ పరిమితి ఎత్తేశారు! అంతకన్నా చిత్రం, డ్రైవింగు పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. అంటే "నీకు కారు నడపడం వచ్చా?" అని అడగడానికి నాలుగేళ్ళ ముందే "నీకు బీమా ఉందా?" అని అడిగారన్నమాట. నడిపేవారి పనితనం కంటే పడినవారి కడుపు ముఖ్యమనుకున్నారు. నాకిందులో తప్పేం కనిపించలేదు.

మన దేశానికి 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. అందులో బీమా తప్పనిసరి అనే అధ్యాయం మాత్రం 1946 జూలై 1న గాని అమల్లోకి రాలేదు. అప్పట్లో బీమా కంపెనీలు ఊరికొకటి. ప్రభుత్వం 1971లో వాటి అజమాయిషీ చేతిలోకి తీసుకుని, 1972లో చట్టం చేసి, 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలను కలిపి నాలుగు చేసింది. నేషనల్, న్యూ ఇండియా, ఓరియెంటల్, యునైటెడ్ ఇండియా. ఆ రోజుల్లో పెరిగినవారికి ఈ నాలుగు పేర్లూ నలుగురు మేనమామల పేర్లలా నోటికొస్తాయి.

ఎక్కడ కట్టినా ధర ఒకటే. దేశమంతటికీ ఒక ధరల పట్టిక, దాని పేరు టారిఫ్. ఆ పట్టికను 2002లో తిరగరాశారు. అందులో అడిగినవి కారు విలువ, ఇంజను సైజు, కారు వయసు, కారుండే ఊరు. హైదరాబాదుతో సహా ఎనిమిది మహానగరాలు ఏ-జోను, మిగతా దేశం బి-జోను. అయిదేళ్ళలోపు వయసున్న చిన్నకారుకు సొంత నష్టం ప్రీమియం మనకు నూటికి 3.127 రూపాయలయితే, విజయవాడలో మా చెల్లెలికి 3.039. మనం ట్రాఫిక్కులో నలిగినందుకు అదనపు కట్నమన్నమాట. నడిపేది ఎవరన్నది మాత్రం ఆ పట్టిక అడగలేదు. అడిగి లాభమేముంది? ఒకే కారు పొద్దున నాన్నగారు, సాయంత్రం పెద్దబ్బాయి, ఆదివారం బావమరిది నడిపే దేశం మనది. జీతం డ్రైవరు పండక్కి ఊరెళితే మరో డ్రైవరు. చేతులు లెక్కపెట్టడం కంటే చక్రాలు లెక్కపెట్టడం తేలికనుకున్నారేమో.

సొంత నష్టం ధరలను 2007 జనవరి 1 నుంచి కంపెనీల ఇష్టానికి వదిలేశారు. అందుకే ఇప్పుడు నాలుగు చోట్ల ధర అడిగి బేరమాడాలి, చీరలకొట్లో ఆడినట్టే. ఎదుటివారి నష్టానికి కట్టేది మాత్రం ఇంకా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి పెట్టిన లెక్కలో వెయ్యి సీసీల లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, పదిహేను వందల సీసీల దాకా 3,416, ఆ పైన 7,897. మొదటి కారు కొనేవారు కడుపుకు తగ్గ కవళంలా చిన్న ఇంజను కొనుక్కుంటే అక్కడే సగం గెలిచినట్టు.

మరి బావగారు ఎందుకు కూలబడ్డారంటారా? అక్కడ లెక్క వేరు. వాళ్ళు కారుతోపాటు మనిషినీ తూచుతారు. కుర్రాడయితే ధర మండుతుంది. క్లాసులో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలకు కొన్ని కంపెనీలు తగ్గింపు ఇస్తాయట. లెక్కల్లో మార్కులకూ రివర్సు గేరుకూ ఉన్న సంబంధం నాకర్థం కాలేదు గాని, ఆ తగ్గింపు కోసం తల్లులు పిల్లల్ని చదివించగలరని మాత్రం అర్థమయింది. కాలిఫోర్నియాలో జనం 1988లో ఓటేసి, ప్రీమియానికి ముందుగా చూడవలసినవి నడిపేవారి రికార్డు, ఏడాదికి తిరిగే మైళ్ళు, ఎన్నేళ్ళ అనుభవం అన్న మూడూ అని శాసించారు. యూరపులో పడుచు ఆడపిల్లలకు మగపిల్లల కంటే తక్కువ ధర ఉండేది, వాళ్ళు ప్రమాదాలు తక్కువ చేస్తారని. ఆడా మగా అని తేడా చూపడం సమానత్వానికి విరుద్ధమని యూరప్ న్యాయస్థానం 2011లో తీర్పు చెప్పింది. 2012 డిసెంబరు 21తో ఆ తగ్గింపు పోయింది. సమానత్వం వచ్చి మన పర్సుకే చిల్లు పెట్టిన సందర్భం బహుశా అదొక్కటేనేమో!

ఇదంతా సాయంత్రం కాఫీతోపాటు మా వారి ముందు పెట్టాను. ఆయన నిదానంగా తాగి, "సరే, ప్రీమియం పెరగదు. మరి బోనసు?" అన్నారు.

అక్కడ నేను ఆగిపోయాను. ఆయన మాటలో అర్ధసత్యం ఉంది, అది పూర్తి అబద్ధం కంటే గట్టిది.

ఏడాదంతా క్లెయిము పెట్టకుండా ఉంటే మర్నాటి ఏడాది సొంత నష్టం ప్రీమియంలో నూటికి ఇరవై తగ్గిస్తారు. రెండో ఏడాదికి ఇరవై అయిదు, మూడుకు ముప్ఫై అయిదు, నాలుగుకు నలభై అయిదు, అయిదుకు యాభై. అక్కడ మెట్లు అయిపోతాయి. వైకుంఠపాళిలో నిచ్చెనలాంటిదిది. ఒక్క క్లెయిము పెట్టామా, పాము నోట్లో పడి మళ్ళీ సున్నాకు రావాలి. మా వారు ఆ యాభయ్యో మెట్టు మీద ఏళ్ళ తరబడి కాలుమీద కాలేసుక్కూచున్నారు. నేను గేటుకు బంపరు రాస్తే ఆయన కిందికి జారతారు. అదీ భయం.

భయపడినట్టే అయింది. తాళంచెవి చేతికొచ్చిన మూడోవారం, ప్యారడైజ్ దగ్గర ఆటోవాడికి దారివ్వబోయి ఎడమ తలుపు డివైడరుకు రాసుకున్నాను. కార్ఖానాలో మాకు తెలిసిన మెకానిక్కు సొట్ట మీద చెయ్యేసి చూసి, "డెంటింగు పెయింటింగు కలిపి నాలుగువేలల్ల అయిపోతది మేడం. ఇన్సూరెన్సుకు పోకుండ్రి, లాసైతరు" అన్నాడు. ఆ మాట పట్టుకుని రాత్రి కాగితం మీద లెక్క వేశాను.

బోనసు లేకపోతే సొంత నష్టం ప్రీమియం పదివేలనుకోండి. యాభై శాతం తగ్గి మనం కట్టేది అయిదువేలు. క్లెయిము పెడితే మరుసటేడు పదివేలు. ఆ పై ఏడు ఎనిమిదివేలు, తరవాత ఏడువేల అయిదువందలు, ఆరువేల అయిదువందలు, అయిదువేల అయిదువందలు. మళ్ళీ పాత అయిదువేలకు చేరేలోపు అదనంగా కట్టింది పన్నెండువేల అయిదువందలు. కారు విలువ ఏటా తగ్గుతుంది గనక నిజంలో కొంత తక్కువే అవుతుంది. పైగా క్లెయిములో మొదటి వెయ్యి రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి, పదిహేను వందల సీసీలు దాటితే రెండువేలు. నాలుగువేల సొట్ట కోసం ఇంత వదులుకోవడమా? ఇంటిఖర్చులోంచి తీసి మెకానిక్కుకు ఇచ్చేశాను. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు నెలకు కొంత "సొట్టల నిధి" అని డబ్బాలో వేసుకుంటే, ప్రీమియం తగ్గించుకునే ఉపాయాల్లో అంతకు మించింది లేదు. బోనసు కాపాడే అదనపు కవరు కూడా అమ్ముతున్నారు. దాని ధరా, మన చేతి వణుకూ తూచుకుని తీసుకోవాలి.

మిగతావి చిల్లర ఉపాయాలు. చిన్న నష్టం నేనే భరిస్తానని ముందే ఒప్పుకుంటే తగ్గింపు ఉంటుంది. పాత టారిఫ్‌లో రెండున్నరవేలు భరిస్తానంటే నూటికి ఇరవై, ఏడువందల యాభైకి మించకుండా. సొట్టలు ఎలాగూ మనమే బాగుచేయించుకునేటప్పుడు ఇది మంచిదే. ఆటోమొబైల్ అసోసియేషన్‌లో సభ్యులకూ, దొంగల భయం లేని తాళం బిగించినవారికీ కూడా అందులో కొంచెం విదిల్చారు. కూరగాయల మార్కెట్టుకూ గుడికీ తప్ప కారు తీయనివారికి, తిరిగినన్ని కిలోమీటర్లకే కట్టే పద్ధతిని 2022లో అనుమతించారు. ఇక నేర్చుకునే దశలో ఉన్నవారు ఎల్ బోర్డు కట్టి, లైసెన్సున్నవారిని పక్కన కూచోబెట్టుకునే నడపాలి. అలా నడిపేవారి లైసెన్సూ లైసెన్సేనని, బీమా కంపెనీ తప్పించుకోరాదని సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో 2004లో చెప్పింది. పక్కన కూచుని మా వారు పెట్టిన గావుకేకలు చట్టరీత్యా కర్తవ్యమని నాకప్పుడే తెలిసింది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మా వీధి చివరి పిన్నిగారి సంగతి గుర్తొచ్చింది.

బాబాయిగారు రైల్వేలో రిటైరయ్యారు. కారును కన్నబిడ్డలా చూసుకునేవారు. ఆయన పోయాక కారు మీద గుడ్డ కప్పి పక్కన పెట్టేశారు. పిన్నిగారికి పెళ్ళికి ముందే డ్రైవింగు వచ్చు, ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పుట్టెడు దుఃఖంలో పాలసీ తేదీ ఎవరికి గుర్తుంటుంది? గుడ్డ తీసేసరికి ఏడునెలలయింది. గడువు దాటి తొంభై రోజుల్లోపు పాలసీని పునరుద్ధరించుకోకపోతే బోనసు పోతుంది. బాబాయిగారు ఎన్నో ఏళ్ళు కూడబెట్టిన యాభై శాతం అలా గాలికి పోయింది. ఆపైన కారూ వచ్చినకాడికి అమ్మేశారు.

2002 టారిఫ్‌లో ఒక వాక్యం ఉంది. బోనసు కారుది కాదు, యజమానిది. కారు అమ్మేసినా మూడేళ్ళలోపు కొనుక్కునే మరో కారుకు దాన్ని తెచ్చుకోవచ్చు. యజమాని చనిపోయి, ఆ కారు భార్య చేతికో పిల్లల చేతికో తల్లిదండ్రుల చేతికో వస్తే, బోనసు కూడా వాళ్ళకే చెందుతుంది. పిన్నిగారికి రావలసిన ఆస్తి అది. బంగారం ఎక్కడుందో, బ్యాంకు పుస్తకం ఎక్కడుందో భార్యకు చెప్పే మగవాళ్ళు కూడా ఈ సంగతి చెప్పరు, వాళ్ళకే తెలియదు గనక. తెలిసి ఉంటే కారు అమ్మేదాన్ని కాదమ్మా అన్నారావిడ. అది డబ్బు గురించిన మాట కాదని నాకు తెలుసు.

ఆ వాక్యం రెండోవైపు నుంచి చదివితే ఇంకోటి కనిపించింది. బోనసు యజమానిది గనక, కారు మా వారి పేరున ఉన్నంతకాలం నేను పదేళ్ళు పూవులా నడిపినా ఆ మంచితనం ఆయన ఖాతాలోనే పడుతుంది. నా పేరున ఒక్క శాతం జమకాదు. మన పద్ధతి కొత్తగా నేర్చుకున్న ఆడదాన్ని చూడలేదు గనక ఆమెకు జరిమానా వేయలేదు, నిజమే. కానీ చూడలేదు గనకే ఆమె జాగ్రత్తనూ రాసుకోలేదు. న్యూజెర్సీలో బావగారబ్బాయి ఇవాళ ఎక్కువ కడుతున్నాడు, అయితే రేపటికి ఒక రికార్డు వాడి పేరున ఉంటుంది. ఇల్లంతా నడిపినా జమాఖర్చులో పేరుండని బతుకులు మనకు కొత్తవేం కాదుగా!

అందుకని ఈ ఉగాదికి ఒక చిన్నకారు, వెయ్యి సీసీల లోపుది, పాతదే, నా పేరున కొనిపించాను. యజమాని-డ్రైవరుకు ఉండవలసిన పదిహేను లక్షల ప్రమాద బీమా కూడా నా పేరునే తీసుకున్నాం. అది లైసెన్సున్న యజమానికే వర్తిస్తుంది మరి. పాలసీ తేదీలు రెండూ వంటింటి కాలెండరు మీద ఎర్రసిరాతో రాసి పెట్టాను. మా వారు తన యాభై శాతంతో ఒక కారు, నేను నా సున్నా శాతంతో ఒక కారు.

మొన్న పిన్నిగారిని పక్కన కూచోబెట్టుకుని మోండా మార్కెట్టుకు వెళ్ళాను. తిరుగుదారిలో ప్యారేడ్ గ్రౌండ్ పక్కన ఖాళీ రోడ్డు కనిపిస్తే ఆవిడ మెల్లిగా, "లైసెన్సు మళ్ళీ తీసుకోవాలంటే ఏం చేయాలే?" అని అడిగారు. ముందు ఎల్ బోర్డు కొనాలి పిన్నిగారూ అన్నాను. ఈసారి పక్క సీట్లో కూచుని కేకలు పెట్టే కర్తవ్యం నాది. నాలుగునెలలయింది, గేటు గీత ఒకటి తప్ప నా కారు శుభ్రంగా ఉంది. ఇంకో ఎనిమిది నెలలు ఇలాగే గడిస్తే నాకు ఇరవై శాతం వస్తుంది. నవలకు బహుమతి వచ్చినప్పుడు కూడా ఇంత ఆత్రంగా ఎదురుచూడలేదు సుమండీ!